1938 నాటిదని నేను ప్రమాణం చేసిన కారు

మొంకాలియేరి పట్టణంలో, నోటరీ క్లోతిల్దే రవేరా గారి కార్యాలయంలో, ఇద్దరు సాక్షుల ఎదుట, కీర్తిశేషుడు సెకొందో వాస్కెత్తో పెద్దకొడుకును, ఎనభై ఒక్క ఏళ్ళవాణ్ణి, కారు బాడీల రేకు పని చేసి బతికినవాణ్ణి అయిన చెలెస్తీనో వాస్కెత్తో అనే నేను నోటితో చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను రాసినవి ఏవైనా బయటపడితే అవి చెల్లవు.

నా మతి స్థిమితంగా ఉంది. ఈ మాట అందరి వీలునామాల్లోనూ ఉండేదేనని నోటరీ గారు అన్నారు. నా విషయంలో ఊరికే రాస్తే చాలదు. నాకు మతి పోయిందని వాదించడానికి లాయర్లు సిద్ధంగా ఉంటారని తెలుసు కాబట్టి, పోయిన వారం నరాల డాక్టరు ముందు రెండు గంటలు కూర్చుని వచ్చాను. వంద నుంచి ఏడు చొప్పున వెనక్కి లెక్కపెట్టమన్నాడు, పెట్టాను. గడియారం బొమ్మ వేయమన్నాడు, వేశాను. కాగితంలో ఖాళీ మిగిలితే పక్కన సావినా అనే పాత కారు వెనక మడ్‌గార్డు వంపు కూడా కొలతలతో సహా వేశాను. ఆయన దాన్నీ సర్టిఫికెట్‌కు జతచేశాడు. ఎవరి బలవంతమూ నామీద లేదు. బలవంతం ఏదైనా ఉంటే, నోరు మూసుకోమనే ఉంది.

ఒకటి. నన్ను నా భార్య డెల్ఫీనా పక్కన పెట్టండి. మా నాన్న సమాధిలో చోటు ఉన్నా అక్కడ వద్దు. పాత కార్ల క్లబ్బు వాళ్ళు జెండా పట్టుకుని వస్తారు. రానివ్వండి గాని, మాట్లాడనివ్వకండి.

రెండు. మా నాన్న వాడిన, బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన సుత్తులు నాలుగు, తోలు ఇసుక సంచి, రేకు సాపు చేసే ఇనప దిమ్మలు అన్నీ మా వర్క్‌షాపులో పదహారేళ్ళుగా పనిచేస్తున్న దొరిన్‌కు సర్వహక్కులతో ఇస్తున్నాను. అతను రుమేనియా నుంచి వచ్చినప్పుడు మా భాషలో పది మాటలు కూడా తెలియవు. మొదటి వారమే ఒక తలుపు రేకు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపాడు. అక్కడ వెంట్రుకంత పల్లం ఉంది. నాకు దొరకలేదు. అతనికి ఆ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. చిన్న సుత్తి పిడి పగిలింది. కొత్తది బిగించుకోమనండి, పాతదని దాచుకోనక్కర్లేదు.

మూడు. ఈ అంశం పొడుగైనది. దీన్ని వేరే కాగితంగా రాయిద్దామని నోటరీ గారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. నా దగ్గరున్న వాటిలో మరొకరికి చెందవలసినది ఇదొక్కటే, అందుకే వీలునామాలో ఉండాలి.

1938లో సావినా కంపెనీ ఎనిమిది సిలిండర్ల పెద్ద కార్లు చేసేది. ఇంజనూ ఛాసిసూ వాళ్ళవి. పై బాడీని కొనేవాడు తనకు నచ్చిన చోట కట్టించుకునేవాడు. మా నాన్న పనిచేసిన పెయిరోనె కార్ఖానాలో అలా ఒకే నమూనాలో ఐదు బాడీలు కట్టారు. పైకప్పు నీటిబొట్టులా వెనక్కి జారి తోక దగ్గర సన్నబడుతుంది. వెనక చక్రాలు సగం దాకా మడ్‌గార్డుల్లో దాక్కుంటాయి. ఐదింటి రేకు పనీ మా నాన్న చేతిదే. నేను పుట్టిన ఏడు అది.

మూడో నంబరు కారును బియెల్లాలో ఉన్ని మిల్లు యజమాని ఒకాయన కొన్నాడు. 1943లో బాంబు పడి, కారు ఉన్న షెడ్డు కూలి, బాడీ నుజ్జునుజ్జయింది. ఛాసిసూ ఇంజనూ మిగిలాయి. యుద్ధం అయ్యాక ఎవరో దానిమీద చెక్క తొట్టి బిగించి ఆల్బా వైపు ద్రాక్షసారా పీపాలు మోయించారు. తర్వాత అది ఒక పశువుల కొట్టంలో పాతికేళ్ళకు పైగా పడి ఉంది. ఇదీ మూడో నంబరు అసలు చరిత్ర. పుస్తకాల్లో అచ్చయినది ఇది కాదు.

1984లో పాత కార్ల వ్యాపారి ఎర్మాన్నో కాల్యేరో ఆ ఛాసిస్‌ను కొని మా వర్క్‌షాపుకు తెచ్చాడు. అప్పుడు వర్క్‌షాపు మా అన్నదమ్ములిద్దరిదీ. రేకు నాది. లోపలి చెక్క చట్రం నా తమ్ముడు బర్తొలొమేయోది. అతన్ని అందరూ బెర్తో అనేవాళ్ళు. మా నాన్న పోతూ పోతూ ఆ ఐదు బాడీలకు వాడిన చెక్క అచ్చును మాకు వదిలిపోయాడు. దాన్ని బట్టి కొత్త బాడీ కట్టమని కాల్యేరో అడిగాడు. కొత్తదని చెప్పే అమ్ముతానన్నాడు. మేము నమ్మాం.

పద్నాలుగు నెలలు పట్టింది. నా జీవితంలో అంత సంతోషంగా ఇంకెప్పుడూ లేను. తోక భాగం రేకును ఆరుసార్లు పారేశాను. ఏడోసారి నేను సుత్తి వేస్తుంటే బెర్తో వెనక నిలబడి, "కొట్టడం ఎప్పుడో మానేశావన్నయ్యా, దాన్ని బుజ్జగిస్తున్నావు" అన్నాడు. పని అయ్యాక అతను ఇత్తడి రేకు ముక్క మీద మా ఇద్దరి పేర్లు, 1986 అనే అంకె చెక్కి ముందు సీటు కింద బిగించాడు. తయారుచేసినవాడు పేరు పెట్టుకోవాలి, సంవత్సరం దాచకూడదు అనేవాడు.

పాత కార్లు కొనేవాళ్ళు రేకును కొనరు, సంవత్సరాన్ని కొంటారు. అసలు బాడీతో మిగిలిన సావినాకు ఇప్పుడు నలభై లక్షల యూరోలు పలుకుతాయి. అదే ఛాసిస్ మీద కొత్త బాడీ ఉంటే అందులో ఐదో వంతు కూడా రాదు. వంపు అదే, రేకు మందం అదే, గేరు మార్చినప్పుడు వచ్చే చప్పుడూ అదే.

1988 వసంతంలో ఒక సరస్సు ఒడ్డున జరిగే ప్రదర్శనకు కాల్యేరో కారును తీసుకెళ్ళాడు. మమ్మల్నీ పిలిచాడు. అక్కడ అచ్చువేసి పంచిన కాగితం చదివి బెర్తో మొహం పాలిపోయింది. యుద్ధానికి భయపడి మిల్లు మేనేజరు బాడీని ముందే విప్పి గోడ వెనక దాచాడనీ, అది చెక్కుచెదరకుండా దొరికిందనీ, వాస్కెత్తో సోదరులు దానికి చిన్న చిన్న మరమ్మతులు మాత్రమే చేశారనీ అందులో ఉంది. సీటు కింద చూశాం. ఇత్తడి రేకు లేదు. నాలుగు మేకు రంధ్రాలను మైనంతో పూడ్చారు.

అప్పుడు న్యాయనిర్ణేతల్లో ఒక తెల్లజుట్టు పెద్దమనిషి వచ్చాడు. చేతి తొడుగు తీసి, పైకప్పు నుంచి తోక దాకా అరచేత్తో మెల్లగా నిమిరాడు. పక్కవాళ్ళతో, "ఇలాంటి చేతులు యుద్ధంతోనే పోయాయి. ఇది సెకొందో వాస్కెత్తో పని, కళ్ళు మూసుకుని చెప్పగలను" అన్నాడు.

మా నాన్న బతికున్నన్నాళ్ళూ నా పని చూసి ఒకటే మాట అనేవాడు: "బకెట్లు చేసుకోరా, తిండికి లోటుండదు." ఆ ప్రదర్శన నాటికి నాకు యాభై ఏళ్ళు. నా చేతిపనిని నా ముందే మా నాన్న పని అన్నారు. అది అబద్ధమని చెబితే అదే వంపు మరుక్షణంలో నకలు అయిపోతుంది. నేను ఏమీ మాట్లాడలేదు. మొదటి బహుమతి ఆ కారుకే వచ్చింది. డబ్బుకు ఆశపడ్డానని నా గురించి రాస్తారేమో. కాదు. అంతకన్నా నీచమైన కారణమో, కొంచెం మేలైన కారణమో, ముప్ఫై ఏళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బెర్తో, రేపే ప్రదర్శన వాళ్ళకు ఉత్తరం రాద్దామన్నాడు. చూద్దాంలే అన్నాను. అలా ఏడాది పైగా చూద్దాంలే అంటూనే ఉన్నాను. చివరికి అతనొక్కడే రాశాడు. బెర్తో తన పరువు తీశాడని కాల్యేరో అతని మీద దావా వేశాడు.

సాక్ష్యానికి ముందు కాల్యేరో వర్క్‌షాపుకు వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. "మేస్త్రీ, మీరు కొత్తగా అబద్ధమేమీ ఆడనక్కర్లేదు. మీ నాన్నగారి పని అని పెద్దలే తేల్చారు కదా. మీరు అవునంటే చాలు" అన్నాడు.

1991 అక్టోబరులో నేను న్యాయస్థానంలో ప్రమాణం చేశాను. ఆ రేకు మా నాన్న 1938లో కొట్టాడనీ, నేను అతుకులు మాత్రమే వేశాననీ చెప్పాను. తమ్ముడు ఎందుకలా రాశాడని లాయరు అడిగాడు. చెక్క పని ఎవరికీ కనబడదు, అతనికి ఆ దుగ్ధ మొదటినుంచీ ఉంది అన్నాను. తమ్ముడి మీద ఆ రెండో మాట అనమని నాకెవరూ చెప్పలేదు. కాల్యేరో కూడా నేర్పలేదు. అది నా సొంతం.

బెర్తో ఓడిపోయాడు. పాత కార్ల పత్రికలో క్షమాపణ వేయమని కోర్టు అంటే వేయనన్నాడు, జరిమానా కోసం వర్క్‌షాపులో తన వాటా నాకే అమ్మాడు. సాయంత్రాలు చెక్కపని నేర్పే పాఠశాల వాళ్ళు అతన్ని ఇక రావద్దన్నారు. కూనెయో వెళ్ళి తలుపులు, కిటికీలు చేసే చోట కూలికి కుదిరాడు. పద్దెనిమిదేళ్ళలో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. 2009లో పోయాడు. నేను శ్మశానం గేటు దాకా వెళ్ళాను. అతని భార్య ఒనొరీనా ఎవరితోనో కబురు పంపింది, లోపలికి రావద్దని. బయటే నిలబడ్డాను.

ఇందుమూలంగా నేను ప్రకటించేది ఏమంటే: సావినా మూడో నంబరు కారు బాడీ మొత్తం 1985, 86లలో నేనూ నా తమ్ముడూ కట్టినది. అందులో మా నాన్న కొట్టిన రేకు అరచేతి వెడల్పు కూడా లేదు. రుజువు కావాలంటే వెనక సీటు కింద ఎడమవైపు నేలపలక లేపండి. దాని కింది చెక్క దూలం మీద బెర్తో వడ్రంగి పెన్సిలుతో రాసిన తేదీ, మా ఇద్దరి పేర్లు ఉంటాయి. అక్కడ రాశాడని కాల్యేరోకు తెలియదు. నాకు తెలుసు. తెలిసే ప్రమాణం చేశాను.

నాలుగు. ఆ కారు ఇప్పటి యజమాని, లుగానోలో ఉండే రుజ్జేరో బలెస్త్రా గారికి నేను ఇవ్వగలిగిందల్లా నిజం, క్షమాపణ. ఆయన దాన్ని అసలుదని నమ్మే కొన్నారు. పోయిన ఏడాది దాన్ని అమ్మదలచి, బాడీ 1938 నాటిదని రాసిమ్మని నన్ను అడిగారు. కాగితం ముందు పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. నాలుగో రోజు రైలెక్కి వెళ్ళి, ఆయన గ్యారేజీలో, కారు పక్కనే నిలబడి అంతా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నారు. తర్వాత గుడ్డ తీసుకుని, నేను చెయ్యి ఆనించిన చోట రేకు తుడిచారు. "మీరు పెద్దవారైపోయారు వాస్కెత్తో గారూ. ఈ వయసులో అన్నీ కలగాపులగమవుతాయి. అలాగే అనుకుందాం, మీకూ మంచిది, నాకూ మంచిది" అన్నారు. నేలపలక లేపమని బతిమాలాను. స్టేషనుకు టాక్సీ పిలిచారు.

బలెస్త్రా గారూ, మీ కారు రేపు కూడా నిన్నటిలాగే నడుస్తుంది. నా మీద, నా ఆస్తి మీద మీరు వేయగలిగిన దావాకు నేను అడ్డు చెప్పను.

ఐదు. మా నాన్న చెక్క అచ్చు, దాని కొలతల కాగితాలు నా మరదలు ఒనొరీనాకు చెందుతాయి. అమ్ముకున్నా, పొయ్యిలో పెట్టుకున్నా ఆమె ఇష్టం.

లుగానో నుంచి వచ్చాక కూనెయో వెళ్ళాను. ఆమె వంటింట్లో చెస్ట్‌నట్ కాయలకు గాట్లు పెడుతోంది. కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను, కోర్టులో బెర్తో మీద అన్న ఆ రెండో మాట కూడా చెప్పాను. ఆమె కత్తి ఆపలేదు. చివరికి, "మా దగ్గరికెందుకొచ్చారు బావగారూ? ఇందులో మాకు తెలియనిదేముంది? తెలియనివాళ్ళకు చెప్పండి" అంది. చెబుతానన్నాను. "ఎప్పుడు? పోయాకా?" అంది. వంగి గిన్నెలోంచి దొర్లిన కాయలు రెండు నేలమీంచి తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

1991లో నా తమ్ముడు వేయనన్న క్షమాపణకు బదులు, అదే పత్రికలో, అదే పేజీలో, నా ఖర్చుతో ఈ మాటలు వేయాలి: "బర్తొలొమేయో వాస్కెత్తో నిజం రాశాడు. అతని అన్న చెలెస్తీనో అనే నేను ప్రమాణం చేసి అబద్ధం చెప్పాను. అతని చెక్కపని ఎవరికీ కనబడదన్నది కూడా అబద్ధమే. దాని ఆధారం లేకుండా నా రేకు ఒక్కరోజు కూడా నిలబడేది కాదు." అక్షరం మార్చకూడదు.

ఆరు. వర్క్‌షాపు, దాని పైనున్న ఇల్లు, అందులోని సమస్తం నా ఒక్కగానొక్క కూతురు ఒర్నెల్లాకు. ఇప్పుడు దాన్ని నడిపేది ఆమే, తొమ్మిది మంది ఆమె మీద ఆధారపడి బతుకుతున్నారు. విషయం చెప్పినప్పుడు ఆమె, "బాబాయి అబద్ధం చెప్పాడని నాకు చిన్నప్పటినుంచీ నువ్వే చెప్పావు నాన్నా. ఆయన దారిలో కనబడితే మొహం తిప్పుకునేదాన్ని" అంది. తర్వాత, "రేపటినుంచి మన చేతికి ఎవరు కారు ఇస్తారు?" అంది.

ఒర్నెల్లా, ఆస్తి తీసుకునేముందు లెక్క కట్టించుకో. దావాల బరువు ఎక్కువైతే తీసుకోకు, నోటరీ గారు దారి చెబుతారు. బోర్డు మీది పేరు మార్చుకో. ఆ పేరును చెడగొట్టింది నేనే, నువ్వు మోయనక్కర్లేదు. ఇవాళ నన్ను ఇక్కడికి నువ్వే తీసుకొచ్చావు. దిగేటప్పుడు నా మఫ్లరు సరిచేసి, కోటు బొత్తాం పెట్టి, మళ్ళీ కారులోకి వెళ్ళి కూర్చున్నావు. అది నాకు చాలు. మీ అమ్మ నగలు, నీలం రంగు పింగాణీ గిన్నెలు ఎప్పుడో నీవే. నేను ఇచ్చేదేముంది.

ఏడు. తీర్పు వచ్చిన మర్నాడు ఎర్మాన్నో కాల్యేరో పన్నెండు బారోలో ద్రాక్షసారా సీసాల పెట్టె పంపాడు. ఒకటి డెల్ఫీనా తెరిచింది. నా గ్లాసులో పోసి, నా మొహం చూసి, గ్లాసులోదీ సీసాలోదీ కలిపి తొట్టిలో పారబోసింది. అన్నం పెట్టింది గాని ఆ వారం నా ఎదురుగా కూర్చుని తినలేదు. నిజం ఆమెకు నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. మిగిలిన పదకొండు సీసాలు నేలమాళిగలో ఉన్నాయి. కాల్యేరో ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉన్నాడట. అతనికే తిరిగి ఇవ్వండి. ఇప్పటికి బాగా పండి ఉంటాయి. తాగనివ్వండి.

ఎనిమిది. ఈ వీలునామా అమలు బాధ్యత నోటరీ రవేరా గారిదే. నేను బతికున్నంతకాలం దీన్ని ఆమె ఎవరికీ చూపరాదని చట్టం. నేను చూపించుకోవచ్చు. ఒనొరీనా అడిగిన దానికి ఇదే నా జవాబు. దీని నకళ్ళు నాలుగు తీయించాను. బలెస్త్రా గారికి, పాత కార్ల క్లబ్బుకు, పత్రికకు, ఒనొరీనాకు ఈ మధ్యాహ్నమే రిజిస్టరు పోస్టులో వెళతాయి. కవర్ల మీద చిరునామాలు నేనే రాశాను. పత్రికలో ప్రకటన నా చావు దాకా ఆగనక్కర్లేదు. ఒకవేళ వాళ్ళు ఇప్పుడు వేయకపోతే, నేను పోయాక నోటరీ గారు వేయించాలి. దీనివల్ల బతికుండగానే నాకేం జరిగినా నేను ఇక్కడే, ఇదే ఇంట్లో ఉంటాను.

నోటరీ గారు దీన్ని మొదటినుంచి చివరిదాకా పైకి చదివి వినిపించారు. రెండుచోట్ల సరిదిద్దమన్నాను, సరిదిద్దారు.

సాక్షుల గురించి ఒక మాట. మొదటివారు కిందింటి మందుల దుకాణం ఆవిడ, నన్ను ఎరిగినవారు. రెండోవారిని నేను వెతికించి పిలిపించాను. ఎజీదియో తస్సోనె గారు 1991లో ఆ న్యాయస్థానంలో గుమాస్తా. నా సాక్ష్యాన్ని టైపు చేసింది ఆయనే. ఆయనకిప్పుడు ఎనభై ఆరేళ్ళు. ఎందుకు రమ్మంటున్నానో ఫోనులో చెప్పాను. ఆయన, "గుర్తుంది. మీరు చెబుతున్నంతసేపూ మీ తమ్ముడు మీ మొహం చూడలేదు. మీ చేతులు చూస్తూ ఉన్నాడు. టైపు కొడుతూ నేను గమనించాను. కానీ చూపులు రికార్డులో ఎక్కించడానికి వీల్లేదు కదండీ" అన్నారు.

ఇక్కడ ఎక్కించండి అన్నాను. నోటరీ గారు ఎక్కించారు.

మొంకాలియేరి, 2019 నవంబరు 21, గురువారం, ఉదయం పదకొండున్నర.

వీలునామా కర్త: చెలెస్తీనో వాస్కెత్తో (మొదటిది సరిగా రానందువల్ల సంతకం రెండుసార్లు పెట్టబడినది, రెండూ నావే)

సాక్షులు:
మిరెల్లా ఒదెల్లో, మందుల దుకాణం యజమాని, మొంకాలియేరి
ఎజీదియో తస్సోనె, విశ్రాంత న్యాయస్థాన గుమాస్తా

నా సమక్షంలో: క్లోతిల్దే రవేరా, నోటరీ